ముందు పొడిగా తిరగాలి, నూనె తర్వాత

అందరికీ నమస్కారం. పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండి, వెనక నుంచి చూస్తే ఏమీ కనపడదు. బల్ల మీదున్నవన్నీ ముట్టుకోవచ్చు. ఆ ఎర్ర మూత సీసా ఒక్కటి వద్దు, అందులో ఆసిడ్ ఉంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

నేను ఈ చిన్న రైలింజన్లు కట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. డబ్బాలో ఇత్తడి రేకులు వస్తాయి, పోతపోసిన చిన్న చిన్న ముక్కలు వస్తాయి. చక్రాలు, మోటారు, గేర్లు చాలాసార్లు విడిగా కొనుక్కోవాలి. వాటన్నిటినీ కలిపి పట్టాల మీద నడిచే ఇంజను చేయాలి. ఇక్కడ ఇంగ్లండులో, మన డార్లింగ్‌టన్ తెలుగువాళ్లలో నలుగురైదుగురు ఈ మధ్య కిట్లు కొన్నారు. ఒక్కొక్కరే ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఇంజను పట్టేస్తోందండీ, ఏ నూనె వేయమంటారు?" ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే. పట్టేసే ఇంజనుకు నూనె వేయకూడదు. ఎందుకు పట్టేస్తోందో ముందు కనుక్కోవాలి. నూనె వేస్తే ఆ కారణం కాసేపు దాక్కుంటుంది, అంతే.

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే మనిషిగా చేశాడు. నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర ఆ ఊరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో మద్రాసు–విజయవాడ లైనులో పేరున్న షెడ్డు అది. చిన్నప్పుడు నన్ను రెండు మూడుసార్లు తీసుకెళ్లాడు. డ్రైవరుగారు పొడుగు ముక్కు నూనె క్యాను పట్టుకుని ఇంజను చుట్టూ తిరిగేవారు. ఒక్కో చోట చిన్న ఇత్తడి మూత తీసి, లోపలి గిన్నెలో నూనె పోసేవారు. ఆ గిన్నెలో ఏముంటుందో తెలుసా? ఊలు దారాల ఒత్తి. మన ఇంట్లో దీపం ఒత్తి నూనెను ఎలా పైకి పీలుస్తుందో, అదీ అలాగే పీల్చి, సన్నటి గొట్టంలోకి వంగి, కింద బేరింగు మీద చుక్క చుక్కగా దింపుతుంది. ఒత్తిలో పోగులు ఎన్ని ఉంటే నూనె అంత దిగుతుంది. పోగులు ఎక్కువైతే నూనె వృథా. తక్కువైతే బేరింగు వేడెక్కుతుంది. ఇంజను చాలాసేపు ఆగి ఉండాల్సి వస్తే ఒత్తిని పైకి లాగి పెట్టేవారు, లేకపోతే నిలబడ్డ ఇంజను కింద నూనె కారిపోతూనే ఉంటుంది. నాన్న ఆ పోగులను బొటనవేలి గోటి మీద పరిచి లెక్కపెట్టడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. వంద టన్నులకు పైబడిన ఇంజనుకు దారప్పోగులు లెక్కపెట్టి నూనె ఇచ్చేవారండీ. అరచేతిలో పట్టే ఇంజనుకు మనం సీసా వంచి పోస్తున్నాం.

సరే, ఇప్పుడు తెర మీద చూడండి. (కెమెరా కింద ఇంజను పెడుతూ) దీని పేరు జే72. ఆరు చక్రాల చిన్న ట్యాంకు ఇంజను, అంటే నీళ్ల ట్యాంకు తన మీదే మోసుకెళ్లేది. దీన్నే ఎంచుకోవడానికి కారణం, ఇది మన ఊరి బిడ్డ. నార్త్ ఈస్టర్న్ రైల్వే కోసం విల్సన్ వార్స్‌డెల్ అనే ఇంజనీరు దీన్ని రూపొందించాడు. 1898లో ఇక్కడే, నార్త్ రోడ్ వర్క్‌షాపులో మొదటివి తయారయ్యాయి. 1923లో ఆ కంపెనీ పోయి ఎల్‌ఎన్‌ఈఆర్, అంటే లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే వచ్చింది, 1948లో అదీ పోయి బ్రిటిష్ రైల్వేస్ వచ్చింది. ఇంజను మాత్రం అలాగే ఉంది. 1949 నుంచి 1951 దాకా, అంటే పుట్టిన యాభై ఏళ్ల తర్వాత, దాదాపు అదే డిజైనులో ఇంకో 28 కట్టారు. మొత్తం 113. ఒక డిజైను అన్నేళ్లు నిలబడిందంటే దాని పనితనం ఎలాంటిదో చూడండి. న్యూకాజిల్, యార్క్ స్టేషన్లలో పెట్టెలు అటూ ఇటూ లాగడం దీని పని. 1960లో రెండింటికి మళ్లీ పాత నార్త్ ఈస్టర్న్ ఆకుపచ్చ రంగు వేసి స్టేషన్లో తిప్పారు. ఈ రోజు మిగిలింది ఒక్కటే, నంబరు 69023. అది 1951లో పుట్టింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇలాంటి ఇంజనే మంచిది. సిలిండర్లు చట్రం లోపల ఉంటాయి కాబట్టి బయట కనపడేవి చక్రాలను కలిపే రాడ్లు మాత్రమే. పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజను పక్కన కనిపించే ఆ లింకులు, కడ్డీల గొడవ ఉండదు. టోర్నడో అనే పెద్ద ఎక్స్‌ప్రెస్ ఆవిరి ఇంజను చూసి మనసు పడి మొదటి కిట్టుగా అలాంటిది తెచ్చుకోకండి. టోర్నడో కూడా మన ఊళ్లోనే 2008లో పూర్తయింది, నాకూ దాని మీద ప్రేమే. కానీ అది ఐదో కిట్టో, పదో కిట్టో కావాలి.

స్కేలు గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. ఇది డబుల్ ఓ అనే స్కేలు. అసలు ఇంజనులో ఒక అడుగు ఇక్కడ 4 మిల్లీమీటర్లు. జే72 చక్రం 4 అడుగుల ఒకటింబాతిక అంగుళం, కాబట్టి మన చక్రం 16.4 మిల్లీమీటర్లు. పట్టాల మధ్య దూరం మాత్రం లెక్కకు సరిపోదు. అసలు లైను 1435 మిల్లీమీటర్లు కనుక 18.83 రావాలి, కానీ డబుల్ ఓలో 16.5 పెట్టారు. యూరప్‌లో పట్టాలు అదే 16.5, అక్కడ అడుగుకు మూడున్నర మిల్లీమీటర్ల స్కేలు. బ్రిటిష్ ఇంజన్లు ఇరుగ్గా ఉంటాయి, ఆ స్కేలులో చేస్తే అప్పటి మోటార్లు బాడీలో పట్టలేదు. అందుకని పట్టాలు అవే ఉంచి ఇంజనును కాస్త పెద్దది చేశారు. పట్టింపు ఉన్నవాళ్లు 18.83కే కడతారు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, ఇదే స్కేలులో 22 అవుతుంది. నాన్న పనిచేసిన ఇంజను ఒకటి 22 మిల్లీమీటర్ల పట్టాల మీద కట్టాలని నాకు కోరిక. చట్రం బొమ్మ గీయడం మొదలుపెట్టాను.

ఇక పనిలోకి వద్దాం. కిట్టులో రెండు రకాల లోహాలుంటాయి. ఒకటి ఇత్తడి రేకు. దాని మీద ఆసిడ్‌తో తొలిచి ముక్కల ఆకారాలు తీస్తారు. ఎక్కడ మడవాలో అక్కడ సగం మందం తొలిచిన గీత ఉంటుంది. గీత లోపలి వైపు వచ్చేలా మడవాలి, ఒక్కసారే మడవాలి. అటూ ఇటూ వంచితే ఊడి చేతికొస్తుంది. రెండోది వైట్‌మెటల్, తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహం. పొగగొట్టం, డోము, బఫర్ల లాంటివి దాంతో పోతపోస్తారు. బరువుగా ఉంటుంది, అది మంచిదే, చక్రాలకు పట్టు దొరుకుతుంది.

టంకం పెట్టడం దగ్గర చాలామందికి టెన్షన్. నిజానికి మన ఊరి కంసాలి చేసేదే ఇది. ఆయన వెలిగారం వాడతాడు, మనం ఫ్లక్స్ వాడతాం. ఆ ఎర్ర మూత సీసాలో ఉన్నది అదే, పలచన చేసిన ఫాస్ఫారిక్ ఆసిడ్. లోహం మీది మసక పొరను తినేసి, టంకం పారడానికి దారి చేస్తుంది. ఇత్తడికి ఇత్తడి అతికించాలంటే 188 డిగ్రీల టంకం. దాని పక్కనే మరో చిన్న ముక్క పెట్టాలంటే మొదటి అతుకు ఊడకుండా 145 డిగ్రీలది. వైట్‌మెటల్‌కు 70 డిగ్రీలది, అంటే మరిగే నీళ్లలో కూడా కరిగిపోతుంది. ఆ 70 డిగ్రీల టంకం నేరుగా ఇత్తడిని పట్టుకోదు. ఇత్తడి మీద ముందు మామూలు టంకం పల్చగా పూసి, ఆ పూత మీద వైట్‌మెటల్ ముక్క నిలబెట్టాలి. సోల్డరింగ్ ఐరన్ వేడిని తగ్గించుకోవడం మాత్రం మరవద్దు. నా మొదటి కిట్టులో ఇత్తడికి పెట్టిన వేడితోనే పొగగొట్టం ముట్టుకున్నాను. రెండు సెకన్లలో కొవ్వొత్తిలా జారి ముద్దయిపోయింది. పిల్లలూ, ఈ టంకాల్లో సీసం, కొన్నిట్లో కాడ్మియం ఉంటాయి. కిటికీ తీసి పెట్టుకుని చేయాలి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా అసలు చేయకూడదు.

పని అయ్యాక ఏ రోజుది ఆ రోజే కడగాలి. గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే సబ్బు. ఫ్లక్స్ ఉండిపోతే తెల్లారేసరికి ఇత్తడికి పచ్చగా చిలుము పడుతుంది, ఉక్కు ఇరుసులు తుప్పు పడతాయి. ఇరుసూ బుష్షూ మధ్య తుప్పు పట్టిందంటే అక్కడ ఎంత మంచి నూనె వేసినా గరగర పోదు. నూనె పని ఇక్కడి నుంచే మొదలవుతుందని నేనంటాను.

ఇప్పుడు చట్రం. ఈ విషయానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే ఇంజను బాగా నడవడమూ నడవకపోవడమూ ఇక్కడే తేలిపోతుంది. బాడీ ఎంత అందంగా ఉన్నా సరే.

రెండు పక్క రేకులు, వాటి మధ్య ఎడం ఉంచే అడ్డ ముక్కలు, మూడు ఇరుసులు. ఇరుసు తిరగడానికి రేకు చిల్లులో చిన్న టోపీ ఆకారపు ఇత్తడి బుష్షు పెడతాం. బయట చక్రాలన్నిటినీ కలుపుతూ రాడ్డు. ఇక్కడ ఒక్కటే సూత్రం: రాడ్డులో చిల్లుల మధ్య ఎంత దూరం ఉందో, ఇరుసుల మధ్య సరిగ్గా అంతే దూరం ఉండాలి. రెండు పక్కలా. వెంట్రుకంత తేడా వచ్చినా పట్టేస్తుంది. అంత ఖచ్చితంగా కొలిచి పెట్టడం చేతితో అయ్యే పని కాదు. అందుకని కొలవం. రాడ్డునే కొలబద్దగా వాడతాం. రాడ్లు ముందు తయారు చేసుకుని, ఇరుసుల బదులు పొడుగాటి కడ్డీలు చట్రంలో దూర్చి, ఆ కడ్డీల చివర్లకు రాడ్లు తగిలించి, అన్నీ ఇబ్బంది లేకుండా కూర్చున్నాకే బుష్షులకు టంకం పెడతాం. అప్పుడు బుష్షు ఎక్కడ ఉండాలో రాడ్డే చెబుతుంది.

తర్వాత చక్రాలు. సైకిలు పెడళ్లు ఒకటి పైకి ఉంటే ఒకటి కిందికి ఉంటుంది, సరిగ్గా ఎదురెదురు. రెండూ నిట్టనిలువుగా ఉన్నప్పుడు ఎంత తొక్కినా చక్రం కదలదు, గమనించే ఉంటారు. ఇంజనుకు ఆ అవస్థ రాకుండా ఒక పక్క క్రాంక్ పిన్నుకూ (చక్రానికి రాడ్డు తగిలించే పిన్ను అది) రెండో పక్క క్రాంక్ పిన్నుకూ 90 డిగ్రీల తేడా పెడతారు. ఒక పక్కది బలం లేని చోట ఉంటే రెండో పక్కది బలమైన చోట ఉంటుంది. మన చిన్న ఇంజనులోనూ అదే. కొత్తవాళ్లు ఆ 90 కోసం చాలా కంగారు పడతారు. 90కి బదులు 88 అయినా ఇంజను నడుస్తుంది. కానీ మూడు ఇరుసులకూ అదే 88 ఉండాలి. ఒకటి 88, ఒకటి 91 అయితే నడవదు. చదరపు చివరలున్న ఇరుసులు దొరుకుతాయి, వాటికి చక్రం ఒకే తీరులో కూర్చుని నట్టుతో బిగుస్తుంది. మొదటిసారి అవే తీసుకోండి.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. (చట్రాన్ని కెమెరా కింద తిప్పుతూ) దీనికి మోటారు లేదు, గేరు లేదు, నూనె చుక్క కూడా లేదు. నేను ముందు రెండు ఇరుసులకే రాడ్డు తగిలించాను. వేలితో మెల్లగా తోస్తున్నాను. ఇక్కడ... చూశారా, ఒక క్షణం ఆగి జారింది. మళ్లీ ఒక చుట్టు. మళ్లీ అక్కడే. చక్రం అంచు మీద పెన్నుతో చుక్క పెట్టాను, ప్రతి చుట్టులోనూ అదే చుక్క దగ్గర ఆగుతోంది. ఒకే చోట ఆగితే తప్పు రాడ్డులోనో, చక్రం కోణంలోనో ఉంది. చుట్టంతా బిగుతుగా ఉంటే అప్పుడు బుష్షులను అనుమానించాలి, లోపల లోహపు పొడి ఉందేమో, రెండు బుష్షులు ఒకే వరసలో లేవేమో చూడాలి. ఈ రెండూ వేరు వేరు రోగాలు. నూనె వేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఏది ఏదో ఇక కనుక్కోలేరు.

ఇది రాడ్డు చిల్లు అని నాకు నిన్నే తెలిసింది, మీకు చూపిద్దామని ఉంచాను. చేతిలో ఉన్నది బ్రోచ్, సూదిలా సన్నగా మొదలై లావెక్కే అంచుల పనిముట్టు. చిల్లులో పెట్టి రెండు చుట్లు, అంతే. ఊది, తిరిగి తగిలించి, తోసి చూస్తాను. ఇంకా కొంచెం ఉంది. ఇంకో చుట్టు... ఇప్పుడు చూడండి. పోయింది. తొందరపడి చిల్లు పెద్దది చేస్తే పట్టేయడం పోతుంది గానీ ఇంజను బాతులా ఊగుతూ నడుస్తుంది. తీసిన ఇత్తడి తిరిగి రాదు. అందుకే రెండు చుట్లు, ఒక పరీక్ష. మళ్లీ రెండు చుట్లు, ఒక పరీక్ష. రెండు ఇరుసులు కుదిరాకే మూడోది. మూడూ కుదిరాకే రెండో పక్క రాడ్డు.

అంతా అయ్యాక నా ఆఖరి పరీక్ష ఈ అద్దం పలక. ఒక చివర కింద వేలెడు మందం పుస్తకం పెడతాను. చట్రాన్ని పై చివర ఉంచి వదిలేస్తాను. తోయకూడదు. (చట్రం దొర్లిన చప్పుడు, చప్పట్లు) నాకు మాత్రం ఈ శబ్దం ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. సన్నగా, ఒకే తీరుగా, ఎక్కడా తడబాటు లేకుండా. ఒక్క చుక్క నూనె లేకుండా తన బరువుతో తాను దొర్లిన చట్రానికి ఏ మోటారు పెట్టినా నడుస్తుంది. దొర్లని చట్రానికి ఎంత ఖరీదైన మోటారు పెట్టినా అది కొట్టుకుంటూనే ఉంటుంది.

మోటారు, గేర్ల లెక్క త్వరగా చెబుతాను. షంటింగ్ ఇంజను గంటకు 20 మైళ్లు పోతోందనుకోండి. మన స్కేలులో అది సెకనుకు సుమారు 12 సెంటీమీటర్లు. దానికి చక్రం నిమిషానికి 137 చుట్లు తిరగాలి. చిన్న మోటారు అంత నెమ్మదిగా తిరగలేదు, దానికి వేలల్లో తిరగడమే తెలుసు. అందుకని మధ్యలో వర్మ్ గేరు. వర్మ్ అంటే మోటారు ఇరుసు మీద స్క్రూ మరలా ఉండే ముక్క, అది ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మోటారు 40 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. అప్పుడు మోటారు నిమిషానికి ఐదున్నర వేల చుట్ల దగ్గర హాయిగా తిరుగుతుంది. వర్మ్‌కూ దాని పళ్ల చక్రానికీ మధ్య పల్చటి కాగితం ముక్క పట్టేంత సందు ఉండాలి. మరీ ఆనుకుంటే గుర్రుమంటుంది, మరీ ఎడమైతే పళ్లు అరిగిపోతాయి. ఇప్పుడు వచ్చే గేర్‌బాక్సుల్లో ఈ దూరం ముందే కుదిర్చి ఇస్తున్నారు, పెద్ద మేలు.

ఇప్పుడు నూనె.

ఇంజనును మనం 76వ వంతుకు కుదించాం. చక్రం కుదిరింది, రాడ్డు కుదిరింది. నూనె కుదరదు. నూనె చుక్క ఎప్పుడూ నూనె చుక్కే. సీసా ముక్కు నుంచి రాలే చుక్క మూడు మిల్లీమీటర్లు ఉంటుందనుకోండి. దాన్ని 76 రెట్లు పెంచి చూస్తే 23 సెంటీమీటర్ల గుండు. లెక్క కట్టాను, ఆరు లీటర్లు. అంటే అసలు జే72 క్రాంక్ పిన్ను మీద డ్రైవరు ఆరు లీటర్ల నూనె బకెట్టు కుమ్మరించినట్టు. మా నాన్న పోగులు లెక్కపెట్టింది గుర్తు తెచ్చుకోండి.

ఎక్కువైన నూనె ఉన్నచోట ఉండదు. పాకుతుంది. చక్రం అంచు మీదికి పాకితే ఇంజను జారుతుంది, పెట్టెలు లాగలేదు. అక్కడి నుంచి పట్టాల మీదికి, పట్టాల నుంచి మిగతా ఇంజన్లన్నిటికీ. దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు అవుతుంది, ఆ జిడ్డు కరెంటును అడ్డుకుంటుంది. అన్నిటికంటే ప్రమాదం మోటారు లోపలికి పోవడం. మోటారులో కమ్యుటేటర్ అని చిన్న రాగి గుండ్రం ఉంటుంది, మధ్య మధ్య సన్నటి చీలికలు. దాని మీద రెండు కార్బన్ బ్రష్షులు ఆనుకుని కరెంటు ఇస్తాయి. బ్రష్షులు అరిగినకొద్దీ నల్లటి పొడి రాలుతుంది. పొడిగా ఉన్నంతసేపు ఫరవాలేదు. నూనె తగిలిందా, కాటుకలా ముద్దయి ఆ చీలికల్లో కూర్చుంటుంది. కార్బన్‌లో కరెంటు పారుతుంది కదా, వేరుగా ఉండాల్సిన ముక్కలు కలిసిపోతాయి, మోటారు వేడెక్కిపోతుంది. నా దగ్గర ఒక మోటారు అలాగే పోయింది. వేసింది నేనే, నాలుగు చుక్కలు.

వేయాల్సిన పద్ధతి ఇది. మూతలో నాలుగు చుక్కలు పోసుకోండి. మామూలు కుట్టు సూది మొన అందులో ముంచి తీయండి. మొన మీద కంటికి కనపడీ కనపడనంత మెరుపు ఉంటుంది. అదే ఒక మోతాదు. దాన్ని ఇరుసూ బుష్షూ కలిసే సన్నటి గీత దగ్గర ఆనించండి. తోయక్కర్లేదు. చూడండి తెర మీద... ఆ మెరుపు ఎటు పోయిందో! సందు తనే లోపలికి లాక్కుంది. ఊలు ఒత్తి నూనెను లాగిన కారణమూ ఇదే, దీపం ఒత్తి లాగే కారణమూ ఇదే. బుష్షుకు ఒకటి, అంటే ఆరు. క్రాంక్ పిన్నుకు ఒకటి, ఇంకో ఆరు. మోటారు రెండు చివర్ల బేరింగులకు ఒక్కొక్కటి, బ్రష్షులున్న వైపు మరీ జాగ్రత్తగా. అక్కడ ఉండేది చాలావరకు నూనె పట్టించిన రంధ్రాల కంచు బేరింగు, దాని ఒంట్లోనే కొంత నూనె ఉంటుంది. వర్మ్‌కు నూనె కాదు, గ్రీజు. నూనె వేస్తే ఆ వేగానికి చిమ్మేస్తుంది. అగ్గిపుల్ల మొనతో ఆవగింజంత గ్రీజు పళ్ల చక్రానికి పూసి తిప్పితే వర్మ్ తనకు కావలసింది తీసుకుంటుంది.

ఏ నూనె అంటే, మోడల్ రైళ్ల కోసమే అమ్మే పల్చటి నూనె, ప్లాస్టిక్‌కు హాని చేయదని సీసా మీద రాసి ఉన్నది. ఈ మాట ముఖ్యం. కొన్ని పెట్రోలియం నూనెలు, తుప్పు వదిలించే స్ప్రేలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి, పగుళ్లిస్తాయి.

(సభలోంచి ఒక పెద్దావిడ: "కొబ్బరినూనె వేయకూడదా బాబూ? మా ఇంట్లో కుట్టు మిషనుకూ తలుపు మడతబందులకూ అదే వేసేవాళ్లం.")

మంచి ప్రశ్న అడిగారమ్మా. మా ఇంట్లోనూ అంతే. బండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన, మిగతావాటికి కొబ్బరినూనె. అవి పెద్ద పెద్ద సందులున్న వస్తువులు, మళ్లీ మళ్లీ వేస్తూ ఉండేవాళ్లం, కాబట్టి నడిచింది. ఇక్కడ రెండు ఇబ్బందులున్నాయి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. నెల్లూరులో ఎప్పుడో మాఘమాసంలో సీసాలో తెల్లబడేది, మీకు గుర్తుండే ఉంటుంది. డార్లింగ్‌టన్‌లో ఏడాదిలో ఎన్ని రోజులు ఇల్లు 24 డిగ్రీలుంటుంది చెప్పండి? ఇంజను లోపల అది కొవ్వొత్తి మైనంలా గట్టిపడిపోతుంది. రెండోది, వంటనూనెలు చాలావరకు గాలి తగిలి కాలక్రమాన బంక అవుతాయి. పాత మూకుడు అంచున చేరే ఆ జిగట, గోకితే గానీ రానిది, అదే. వేరుశనగ నూనె అయినా, నువ్వుల నూనె అయినా అంతే.

ఆ బంక ఎలా ఉంటుందో నా దగ్గర నమూనా ఉంది. కొన్నేళ్ల కిందట ఒక ప్రదర్శనలో పాత ఇంజను కొన్నాను. అమ్మినతను మోటారు కాలిపోయిందన్నాడు. ఇంటికి తెచ్చి విప్పితే మోటారు బాగానే ఉంది. గేర్ల చుట్టూ గ్రీజు ముదురు పాకంలా, తేనె రంగులో గట్టిపడి ఉంది. వేలితో వర్మ్ తిప్పబోతే కదల్లేదు. దానికి మళ్లీ నూనె వేసి మెత్తబరుద్దామని చూడకండి, పాత జిడ్డు, కొత్త నూనె కలిసి ఇంకా చెడ్డ ముద్ద అవుతుంది. మోటారు తీసి పక్కన పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో గేర్లు ముంచి, బ్రష్‌తో రుద్ది, అగ్గిపుల్లతో ఒక్కో పన్ను మధ్య గోకాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఆరాక పొడిగా తిప్పి చూశాను, తిరిగింది. అప్పుడు సూది మొనతో నూనె. ఆ ఇంజను ఇప్పటికీ మా అటకమీది లైనులో బొగ్గు పెట్టెలు లాగుతోంది.

కొత్త ఇంజనుకు ఇంకో పని మిగిలి ఉంటుంది. పెట్టెలు తగిలించకుండా, మధ్యస్తంగా ఉండే వేగంతో ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడపాలి. కొత్త గేర్లు, బుష్షులు ఒకదానికొకటి అలవాటు పడతాయి. నడిచాక విప్పి చూస్తే నూనె నల్లగా మారి ఉంటుంది, అందులో సన్నటి లోహపు పొడి. దాన్ని తుడిచేసి మళ్లీ సూది మొనంత వేయాలి. చాలామంది ఈ తుడవడం మానేస్తారు, ఆ పొడే తర్వాత బుష్షులను సానపడుతుంది. ఆ తర్వాత మాటిమాటికీ నూనె అక్కర్లేదు. శబ్దం మారిందనిపించినప్పుడు, లేదా చాలా నెలలు డబ్బాలో పడుకుని లేచినప్పుడు చూసుకుంటే చాలు.

సరే, ఇందాకటి చట్రానికి ఇప్పుడు మోటారు, గేరు బిగించేశాను. ఐదు బుష్షులకు నూనె వేశాను. ఆరోది కావాలనే వదిలాను. ఎవరు వేస్తారు? నువ్వు రా తల్లీ, ఎరుపు స్వెట్టరు. భయం లేదు. సూది ఇలా పట్టుకో, పెన్సిల్ లాగా. మూతలో ముంచు... కాదు, మొన మాత్రమే, పైదాకా వద్దు. ఆఁ, చాలు. ఇప్పుడు ఆ గీత కనపడుతోందా, ఇరుసు పక్కన? దాని మీద ఆనించు. నొక్కకు. ఆనించి ఆగు.

పోయిందా లోపలికి? సరే, ఇప్పుడు కరెంటు నువ్వే ఇవ్వు. మెల్లగా తిప్పు.